ఎలుకల దొర: రాబర్ట్ మెక్‌కారిసన్

తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ వైపు వెళ్ళే దారిలో జాతీయ పోషకాహార సంస్థ గేటు మనలో చాలామంది చూసే ఉంటారు. అందరూ ఎన్‌ఐఎన్ అనే అంటారు. ఏ ఆకుకూరలో ఎంత ఇనుము ఉంది, ఏ పప్పులో ఎంత ప్రొటీన్ ఉంది అని మన దేశంలో ఎవరు లెక్క చెప్పినా, ఆ లెక్క చాలావరకు ఈ గేటు లోపలి నుంచి వచ్చిందే. కానీ ఈ సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. నీలగిరి కొండల మీద కూనూరులో, 1918లో, ఒక్క గదిలో పుట్టింది. దాన్ని మొదలుపెట్టింది ఒక ఐరిష్ డాక్టర్. ఆయన పేరు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్.

మన పత్రికలో ఎక్కువగా కవుల జీవితాలు, స్వాతంత్ర్య యోధుల జీవితాలు వస్తుంటాయి. డాక్టర్ల గురించి రాస్తే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర ఆగిపోతాం. మరి మెకానికల్ బ్రాంచి వాడిని, నాకు ఈ మెక్‌కారిసన్‌తో ఏం పని? పని పడింది. మాది అల్మాస్‌గూడ. మా ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న శిక్షణ సంస్థ వాళ్ళ ఎలుకల షెడ్డు ఉంది. పైన రేకులు, లోపల వరసగా బోన్లు, ఒక గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను. దానికి గాలి ఎంత కావాలి, ఎండాకాలంలో వేడి ఎలా తగ్గించాలి అనేది మా మినీ ప్రాజెక్టు. ఆ లెక్కల కోసం వెతుకుతుంటే, ఈ దేశంలో వేల ఎలుకల్ని పద్ధతిగా పెంచి, వాటి బరువుతో దేశం తిండి గురించి మాట్లాడిన మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసింది. ఆయన కథ చదివాక షెడ్డును చూసే తీరే మారింది. అందుకే ముందు ఆయన కథ చెప్తాను, తర్వాత షెడ్డు సంగతి.

కొండల్లో కుర్ర డాక్టరు

మెక్‌కారిసన్ 1878 మార్చి 15న ఐర్లండ్ ఉత్తర భాగంలోని పోర్ట్‌డౌన్‌లో పుట్టారు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీలో వైద్యం చదివి 1900లో పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాదే ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశం వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 23. అంటే మన సీనియర్లు బీటెక్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరే వయసు.

ఆయన్ని పంపించింది మద్రాసుకో బొంబాయికో కాదు, అఫ్గాన్ సరిహద్దు దగ్గరున్న చిత్రాల్‌కి. కనుమలు కాపలా కాసే సిపాయిలకు వైద్యం చెయ్యడం పని. అక్కడ ఎండాకాలం వస్తే సిపాయిలకి మూడు రోజుల జ్వరం ఒకటి వచ్చేది. వచ్చినవాడు చచ్చిపోడు, కానీ మూడు రోజులు లేవలేడు. చుట్టూ జాగ్రత్తగా చూసిన ఈ కుర్ర డాక్టరు, ఇది ఒక రకం చిన్న ఈగ కుట్టడం వల్ల వస్తుందేమోనని అనుమానించి 1906లో ఒక వ్యాసం రాశారు. ఆ ఈగని ఇప్పుడు శాండ్‌ఫ్లై అంటున్నాం. కొన్నేళ్ళకి యూరప్ పరిశోధకులు ఆ సంగతిని రుజువు చేశారు.

తర్వాత గిల్గిత్‌లో ఏడేళ్ళ దాకా ఉన్నారు. ఆయన బుర్ర ఎలా పనిచేస్తుందో తెలియాలంటే గిల్గిత్ కథ తెలియాలి.

అక్కడి ఊళ్ళల్లో గొంతు వాపు జబ్బు విపరీతం. గాయిటర్ అంటాం కదా, అది. ఒకే కొండ కాలువ మీద ఒకదాని కింద ఒకటిగా ఊళ్ళు ఉండేవి. పై ఊరివాళ్ళు వాడుకోగా మిగిలిన నీళ్ళు, వాళ్ళ మురికితో సహా, కింది ఊరికి వెళ్ళేవి. ఆ ఊరి మురికి కూడా కలిసి ఇంకా కింది ఊరికి. మెక్‌కారిసన్ ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశారు. అన్నిటికన్నా పైనున్న ఊళ్ళో సుమారు పది మందిలో ఒకరికి గొంతు వాపు ఉంది. దిగువకి వస్తున్న కొద్దీ పెరుగుతూ వచ్చి, చివరి ఊళ్ళో దాదాపు సగం మందికి ఉంది. గాలి అదే, కొండ అదే, తిండి ఇంచుమించు అదే. తేడా ఉన్నదల్లా కాలువ మీద ఎవరు ఎక్కడున్నారన్నదే.

అక్కడితో ఆగలేదు. ఆ నీళ్ళని వడకట్టగా మిగిలిన మడ్డిని తను తాగి, ఒప్పుకున్న మరికొందరి చేత తాగించారు. కొందరికి గొంతు వాచింది. అదే మడ్డిని మరగబెట్టి తాగినవాళ్ళకి రాలేదు. ఇవాళ మనకి తెలుసు, గాయిటర్‌కి అసలు కారణం అయొడిన్ లోపం. మెక్‌కారిసన్ మురికినీళ్ళ మీద పెట్టిన భారం ఎక్కువే అయింది. కానీ ఆయన చేసిన పద్ధతి చూడండి. ఇద్దరి మధ్య ఒక్క తేడా మాత్రమే ఉండేలా చూసుకోవాలి. మిగతావన్నీ ఒకటే అయినప్పుడే ఆ తేడా మాట్లాడుతుంది. 1913లో లండన్‌లో మిల్రాయ్ ఉపన్యాసాలు ఇచ్చే గౌరవం ఈ పని వల్లే వచ్చింది.

కూనూరులో ఒక గది

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయే ఏడాది, 1918లో, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనకి ఒక గది ఇచ్చారు. పని: బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో తేల్చడం.

ఇక్కడ కథ మన ఇంటికి వస్తుంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా పీడించింది ఉత్తర సర్కారుల్ని, అంటే మన కోస్తా జిల్లాల్ని. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక పోవడం, ఒళ్ళు నీరు పట్టడం, గుండె ఆగిపోవడం. ధాన్యం పండే జిల్లాల్లోనే అన్నం తినే మనుషులకి ఈ జబ్బు. దక్షిణాన చాలాచోట్ల ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లని ఉడకబెట్టి ఆరబెడితే పై పొరలోని బి1 విటమిన్ లోపలికి దిగుతుంది, తర్వాత మిల్లు పట్టినా అంతా పోదు. మన సర్కారు జిల్లాల్లో పచ్చి బియ్యమే అలవాటు. మిల్లులొచ్చి తెల్లగా పాలిష్ పడుతుంటే విటమిన్ మొత్తం తవుడుతో పాటు పశువులకి పోయింది. ఆ తవుడు తిన్న గేదె బాగుంది, బియ్యం తిన్న మనిషి కూలబడ్డాడు.

జావాలో డచ్చి డాక్టరు ఐక్‌మన్ కోళ్ళ మీద ఈ సంగతిని అప్పటికే పట్టుకున్నాడు. 1912లో కాసిమిర్ ఫంక్ విటమిన్ అనే మాటనీ తెచ్చాడు. అయినా మన దేశంలో ఏ బియ్యం ఎంత చెరుపు చేస్తుందో చూసినవాళ్ళు లేరు. మెక్‌కారిసన్ పావురాలు, కోతులు, గినీ పందులు, ఎలుకలు పెట్టుకుని మొదలుపెట్టారు. జబ్బు పేరు రాకముందే లోపల ఏ అవయవం ఎలా పాడవుతుందో చూస్తూ పోయారు. 1921లో ఆ పనంతా ఒక పుస్తకంగా వచ్చింది. అదే ఏడు అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లో ఉపన్యాసం ఇచ్చారు.

ఇంతలో దెబ్బ పడింది. ప్రభుత్వ ఖర్చులు తగ్గించమని లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1923లో కూనూరు పని ఆగిపోయింది. తినే తిండి మీద పరిశోధన చెయ్యడం దుబారా అని అప్పటి లెక్క! రెండేళ్ళు అలా పోయాక 1925లో మళ్ళీ తెరిచారు. 1928 నాటికి అది న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీస్ అయింది. మెక్‌కారిసన్ మొదటి డైరెక్టరు.

వెయ్యి ఎలుకల లోకం

అసలు పేరు తెచ్చిన పని ఇప్పుడే. కూనూరు ఎలుకల ఇంట్లో వెయ్యికి పైగా తెల్ల ఎలుకలు ఉండేవి. వాటికి ఉత్తరాది సిక్కు రైతు తిండి పెట్టారు. పొట్టు తియ్యని గోధుమ పిండి చపాతీలు, వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చి క్యారెట్టు, క్యాబేజీ, పాలు, వారానికోసారి ఎముకతో కొంచెం మాంసం, కావలసినన్ని నీళ్ళు. రెండుంబావు సంవత్సరాలు చూస్తే, ఆ మందలో జబ్బు పడ్డ ఎలుక లేదు. పెద్ద ఎలుక ఏదీ తనంతట తను చావలేదు. ఎలుకకి రెండేళ్ళంటే మనిషికి యాభై ఏళ్ళ కింద లెక్క అని ఆయన అంచనా. అదే ఇంట్లో, అదే శుభ్రతతో ఉంచి, లోపాలున్న తిండి పెట్టిన ఎలుకలు రెండు వేలకి పైగా ఉన్నాయి. వాటిని కోసి చూస్తే ఊపిరితిత్తుల జబ్బులు, కడుపు పుళ్ళు, మూత్రపు రాళ్ళు, చెవి చీము, ఇలా ఒక ఆస్పత్రికి సరిపడా రోగాలు.

ఇంకో ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న పిల్ల ఎలుకల్ని ఇరవై చొప్పున ఏడు గుంపులు చేశారు. మగా ఆడా పాళ్ళు కూడా ఒకటే. విశాలమైన బోన్లు, అన్నిటికీ ఒకే రకం పరిస్థితులు. ఒక్కో గుంపుకి ఒక్కో ప్రాంతపు తిండి. చివరికి తూస్తే సగటు బరువు సిక్కు తిండి ఎలుకకి 235 గ్రాములు, పఠాన్ తిండికి 230, మరాఠీకి 225, గూర్ఖాకి 200, కన్నడానికి 185, బెంగాలీకి 180, చిట్టచివర మద్రాసీ తిండికి 155. మద్రాసీ అంటే ఆ రోజుల్లో మన కోస్తా, సీమ వాళ్ళు కూడా ఆ లెక్కలో వాళ్ళే. కడిగి కడిగి వార్చిన పాలిష్ బియ్యం మీద నడిచే తిండి అది.

ఆ కాలంలో తెల్లదొరలకి ఒక సిద్ధాంతం ఉండేది. ఉత్తరాది వాళ్ళది యోధుల రక్తం, దక్షిణాది వాళ్ళది బలహీనపు రక్తం అని. మెక్‌కారిసన్ కూడా ఆ సైన్యంలో మనిషే, ఆ మాటల మధ్యనే బతికారు. కానీ ఆయన బోన్లలో ఉన్నవి అన్నీ ఒకే మంద ఎలుకలు. రక్తం ఒకటే. మారింది పళ్ళెం. 80 గ్రాముల తేడా పళ్ళెం నుంచే వచ్చింది. ఎలుక మనిషి కాదు, నిజమే. ఒక ప్రాంతం మొత్తానికి ఒకే తిండి ఉండదు, అదీ నిజమే. అయినా బలం పుట్టుకతో వస్తుందనే మాటకి ఈ తక్కెడ గట్టి సమాధానం చెప్పింది.

తన సొంత దేశపు వాళ్ళనీ వదల్లేదు. ఇంగ్లండ్ పేదవాళ్ళు తినే తెల్ల రొట్టె, మార్గరిన్, చక్కెర టీ, ఉడికిన కూర, డబ్బా మాంసం, జామ్ పెట్టి ఒక గుంపుని పెంచారు. అవి గిడసబారిపోయాయి. చూసుకునేవాళ్ళని కరవడం మొదలుపెట్టాయి. కొన్నాళ్ళకి బలమున్నవి బలం లేనివాటిని చంపి తినడం మొదలైంది.

గాలి కూడా ఒక తిండే

ఇక్కడిదాకా చదివి నేను మా సార్‌ని ఒక ప్రశ్న అడిగాను. ఈ లెక్కలన్నీ అన్ని బోన్లకీ పరిస్థితులు ఒకటే అన్న ఒక్క మాట మీద నిలబడ్డాయి కదా, ఆ మాట తప్పితే? అప్పుడు మొత్తం కూలిపోతుంది అన్నారాయన. మీ షెడ్డు ప్రాజెక్టు అదే కదా అని కూడా అన్నారు.

ఎలుకకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. వేడి బయటికి పంపడానికి దానికున్న ప్రధాన మార్గం తోక. బొచ్చు లేని ఆ తోకలో రక్తనాళాలు విప్పుకుని రేడియేటర్‌లా పనిచేస్తాయి. వేడిలో పెరిగిన చుంచులకి తోకలు పొడుగ్గా వస్తాయని సమ్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1909లోనే చూపించాడు. తోక చాలకపోతే ఎలుక తన ఉమ్మిని ఒంటికి పూసుకుంటుంది. ఇంకా చాలకపోతే తిండి మానేస్తుంది, ఎందుకంటే తిన్నది అరగడం కూడా వేడే. చలిలో దీనికి రివర్స్. ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి ఎక్కువ తింటుంది. కాబట్టి వేడి మూలలో ఉన్న బోనులో ఎలుక బరువు తగ్గితే, ఆ తప్పు రొట్టెదా, రేకుదా? తక్కెడ చెప్పలేదు.

కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. కిటికీ తీస్తే చాలు, గాలీ చల్లదనమూ రెండూ ఒకేసారి వస్తాయి. అల్మాస్‌గూడలో కిటికీ తీస్తే మే నెలలో లోపలికొచ్చేది వడగాలి. మన దేశంలో ప్రయోగ జంతువుల ఇళ్ళకి సి.పి.సి.ఎస్.ఇ.ఎ. (ఇప్పటి పేరు సి.సి.ఎస్.ఇ.ఎ.) మార్గదర్శకాలు ఉన్నాయి. ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి, తేమ 30 నుంచి 70 శాతం మధ్య, గదిలో గాలి గంటకి 12 నుంచి 15 సార్లు మారాలి.

మేం లెక్కకి తీసుకున్న షెడ్డు 6 మీటర్ల పొడుగు, 4 వెడల్పు, 3 ఎత్తు. అంటే 72 ఘనపు మీటర్లు. గంటకి 12 సార్లు మారాలంటే 864 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 280 వాట్లు పడుతుంది. ఇక ఎలుకలు. క్లైబర్ సూత్రం ప్రకారం 200 గ్రాముల ఎలుక ఊరికే పడుకుంటే ఒక వాటు వేడి వదులుతుంది, తిరుగుతూ తింటూ ఉంటే రెండు రెండున్నర వాట్లు. 200 ఎలుకలకి 500 వాట్లు అనుకోండి. అంటే ఎలుకల వల్ల గాలి రెండు డిగ్రీలు కూడా వేడెక్కదు.

మరి షెడ్డు పొయ్యిలా ఎందుకుంటోంది? రేకు వల్ల. మిట్టమధ్యాహ్నం 24 చదరపు మీటర్ల రేకు నుంచి, మీటరుకి 120 వాట్లు వేసుకున్నా, దాదాపు 2,900 వాట్లు లోపలికి దిగుతాయి. అంటే పది డిగ్రీలు. ఎలుకలన్నీ కలిసి పెట్టే వేడికి ఇది దాదాపు ఆరింతలు. ఫ్యాను మార్చాలా, రెండోది పెట్టాలా అని మేమంతా గోడ వైపు చూస్తుంటే జవాబు నెత్తిమీద ఉంది. రేకు మీద తెల్ల పూత, కింద గాలి సందు వదిలి ఫాల్స్ సీలింగు, ఇవి ముందు. మిగతావన్నీ తర్వాత.

ఫ్యాను గురించి ఒక మాట. మనకి ఉక్కపోస్తే ఫ్యాను కింద హాయిగా ఉంటుంది, చెమట ఆరుతుంది కాబట్టి. ఎలుకకి ఆరడానికి చెమటే లేదు. 40 డిగ్రీల గాలిని దాని మీదకి ఎంత గట్టిగా కొట్టినా అది చల్లబడదు, సరికదా ఇంకా వేడెక్కుతుంది. గాలి మార్చడం వల్ల గది బయటికన్నా చల్లగా అవ్వదు. మహా అయితే బయటంత అవుతుంది.

కూలర్ పెడితే? మే నెల పొడి గాలికి బాగా పనిచేస్తుంది. బయట 40 ఉండి, తడి బల్బు ఉష్ణోగ్రత 23 ఉంటే, మంచి కూలర్ నుంచి 26, 27 డిగ్రీల గాలి వస్తుంది. కానీ తేమ 70 శాతం దాటిపోతుంది. జూలై, ఆగస్టుల్లో అయితే గాలే తడిగా ఉంటుంది కాబట్టి కూలర్ వేసినా తేమ తప్ప ఏం మిగలదు. తడి పెరిగితే బోను కింద పోసిన ఊక ఆరదు. మూత్రంలోని యూరియాని బ్యాక్టీరియా విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. లోపలికి వెళ్ళగానే కళ్ళు మండేది అందుకే. మనం రెండు నిమిషాలుండి బయటికొచ్చేస్తాం. ముక్కు నేలకి ఆనించి బతికే ఎలుక ఇరవై నాలుగు గంటలూ అందులోనే.

సరే, ఏసీ పెట్టేద్దాం అనుకుంటాం. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చల్లదనం పోకూడదని తలుపులు మూసి, ఎగ్జాస్ట్ ఆపేస్తారు. థర్మామీటర్ 24 చూపిస్తుంటుంది, లోపల అమ్మోనియా పేరుకుంటూ ఉంటుంది. చల్లబరచడం వేరు, గాలి మార్చడం వేరు. రెండూ కావాలంటే 40 డిగ్రీల కొత్త గాలిని తీసుకుని 26కి దించి లోపలికి పంపాలి. మా షెడ్డుకి ఆ ఒక్క పనికే ఒక టన్ను పైచిలుకు కావాలి. రేకు వేడి కూడా మోయాలంటే ఇంకో ముప్పావు టన్నుకి పైగా. పైకప్పు బాగుచేస్తే ఆ రెండోదాంట్లో ఎక్కువ భాగం మిగులుతుంది. వీటన్నిటితో పాటు జనరేటర్ ఉండాలి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే రేకుల షెడ్డులో ఎలుకలకి కొన్ని గంటలు చాలు.

కాలువ చివరి ఊరు

ఆ షెడ్డులో బోన్లు చూసుకునే అన్న ఒకాయన ఉన్నాడు. ఇంజనీరింగ్ చదవలేదు. మేం కొలతలు తీస్తుంటే ఆయన చెప్పిందేంటంటే, కిటికీ పక్కనున్న బోన్లలో ఎలుకలు మంచిగ తింటాయట, ఫ్యాను పక్కనున్నవి తిండి మిగులుస్తాయట, ఎండాకాలం మధ్యాహ్నం చాపలా పరుచుకుని పడుకుంటాయట. అందుకని ఆయన ప్రతి సోమవారం బోన్లని ఒక్కో స్థానం ముందుకి జరుపుతాడు. ఎవరూ చెప్పలేదు. ఒకదానికే ఎప్పుడూ కష్టం ఎందుకని జరుపుతున్నాడంతే.

నాకు వెంటనే గిల్గిత్ కాలువ గుర్తొచ్చింది. కిటికీ దగ్గర లోపలికొచ్చిన గాలి మొదటి బోను వేడిని, వాసనని మోసుకుని రెండో బోనుకి వెళ్తుంది. రెండిటివీ మోసుకుని మూడోదానికి. ఫ్యాను పక్కనున్న బోను ఆ కాలువకి చివరి ఊరు. గంటకి పన్నెండుసార్లు గాలి మారుతోందన్న లెక్క గది మొత్తానికి సగటు. చివరి బోనుకి ఆ సగటుతో పనిలేదు. అక్కడ ఏ గుంపు ఉందో దాని బరువు తగ్గుతుంది. పరిశోధన చేసేవాళ్ళు మందు వల్ల తగ్గిందనో తిండి వల్ల తగ్గిందనో రాసుకుంటారు.

మెక్‌కారిసన్ గిల్గిత్‌లో కుర్ర వయసులో నేర్చుకున్నది ఇదే. కూనూరులో ఆయన ఎలుకల తిండి గురించి అంత ధైర్యంగా మాట్లాడగలిగారంటే, శుభ్రత, చోటు, గాలి, వెలుతురు మంచి తిండి గుంపుకీ చెడు తిండి గుంపుకీ ఒకటే ఇచ్చారు కాబట్టి. చెడు తిండి ఎలుకలకి మురికి బోన్లు కూడా ఇచ్చి ఉంటే ఆ రోగాలన్నీ మురికి ఖాతాలోకి పోయేవి. పాలిష్ బియ్యం తప్పించుకునేది. కోస్తాలో కాళ్ళు పడిపోయిన మనిషికి నీది బలహీనపు రక్తం అని చెప్పి పంపించేసేవాళ్ళు.

మా రిపోర్టులో ఆ అన్న పద్ధతిని రాతపూర్వకంగా పెట్టాం. వారానికోసారి బోన్ల స్థానం మార్చాలి, ఏ బోను ఏ వారం ఎక్కడుందో రాసిపెట్టాలి, కిటికీ దగ్గరా ఫ్యాను దగ్గరా వేర్వేరు థర్మామీటర్లు ఉండాలి. పైకప్పు పని ముందు, ఏసీ తర్వాత అని వరస కూడా ఇచ్చాం. తెల్ల పూత పడింది. సీలింగు పడింది. మిగతాది డబ్బులు వచ్చాక అన్నారు.

తర్వాత

మెక్‌కారిసన్‌కి 1933లో సర్ బిరుదు వచ్చింది. 1935లో మేజర్ జనరల్ హోదాలో రిటైరయ్యి ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. ఆయన తర్వాత కూనూరు పగ్గాలు అందుకున్న ఐక్‌రాయిడ్ మన ఉత్తర సర్కారుల బెరిబెరి మీద పని కొనసాగించాడు. 1936లో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో మెక్‌కారిసన్ ఇచ్చిన మూడు ఉపన్యాసాలతో కూనూరు ఎలుకలు ప్రపంచానికంతటికీ తెలిశాయి. హుంజా లోయ మనుషులు నూరేళ్ళు దాటి బతుకుతారనే కట్టుకథలు కూడా ఆయన రాతల్ని పట్టుకునే కొందరు అల్లారు. ఆయన చెప్పింది వాళ్ళ ఆరోగ్యం గురించి, వాళ్ళ తిండి గురించి. యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పట్టభద్ర వైద్యుల శిక్షణ చూసుకున్నారు. 1960 మే 18న, 82 ఏళ్ళ వయసులో చనిపోయారు.

ఆయన బతికుండగానే, 1958లో, ఆ కూనూరు లాబొరేటరీ మొత్తం హైదరాబాద్‌కి మారింది. 1969లో స్వర్ణోత్సవాలప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చారు. కొండ ఉచితంగా ఇచ్చిన చల్లదనాన్ని ఇక్కడ యంత్రాలతో చేసుకోవాల్సి వచ్చింది. ప్రయోగశాల జంతువుల్ని ఎలా పెంచాలో దేశానికి నేర్పే జాతీయ కేంద్రం కూడా ఆ ప్రాంగణంలోనే నడిచింది. అల్మాస్‌గూడ నుంచి ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా వెళ్తే గంట ప్రయాణం.

మన మెస్‌లో వడ్డించే మల్లెపూవులాంటి అన్నం చూసినప్పుడు 155 అనే అంకె గుర్తు చేసుకోండి. పక్కన పప్పు, ఆకుకూర, పెరుగు ఉంటే భయం లేదు. అవి మిగిల్చి అన్నం, పచ్చడితో లేచిపోయేవాళ్ళు మాత్రం కూనూరు తక్కెడలో తామెక్కడుంటారో ఒకసారి చూసుకోవచ్చు. ఇక మన బ్రాంచి వాళ్ళకి వేరే మాట. మీరు వేసే ప్రతి డక్టుకీ ఒక చివరి గ్రిల్లు ఉంటుంది. డ్రాయింగ్ పూర్తయ్యాక ఒక్కసారి దాని పక్కన ఎవరుంటారో చూడండి. ముందు అక్కడ కొలవండి.